చెవులతో చదివిన పుస్తకం

ఇస్త్రీ పెట్టె కాలర్ దగ్గరికి వచ్చేసరికి ఆమె అడిగింది. "వంతెన మీద ముందు బండిని దాటొచ్చా?"

అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న భర్త ఠక్కున చెప్పాడు. "దాటకూడదు. కింది బొమ్మ చూడుము."

ఆమె పకపకా నవ్వింది. "ఇవాళ పరీక్షలో బొమ్మ సంగతి వదిలెయ్యండి మహాప్రభో!"

డిపోలో బస్సులు కడిగే మనిషి అతను. కడిగిన బస్సుని షెడ్డులో వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెడతాడు. డ్రైవర్ ఉద్యోగానికి రాతపరీక్ష ఒక్కటే అడ్డు. కాగితం చూస్తే చాలు, సీటు దొరకని జనంలా అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. కిందటిసారి సగం ప్రశ్నలు చదివేలోపే గంట కొట్టేశారు.

ఆ తర్వాత ఆమే వెతికి వెతికి, రాసినదాన్ని పైకి చదివి వినిపించే యాప్ ఒకటి పట్టుకుంది. ఉచితం. రూల్స్ పుస్తకమంతా ఫోటోలు తీసి అందులోకి ఎక్కించింది. అతను దారిలో నడుస్తూ విన్నాడు, అన్నం తింటూ విన్నాడు. ఆ గొంతుకి పాఠమేదో పేజీ నంబరేదో తెలియదు, అన్నీ ఒకే బాణీలో చదివేది. అతనూ అన్నీ కలిపే కంఠతా పట్టేశాడు.

పరీక్ష హాల్లోనూ ప్రశ్నలు వినే ఏర్పాటుందని ఆమె ఫోన్ చేసి కనుక్కుంది. లోపలికెళ్లేటప్పుడు అడిగితే చాలట. ఇయర్‌ఫోన్లు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.

"అడుగుతారుగా?"

"డిపో వాళ్లంతా ఉంటారక్కడ. నలుగురిలో చదవలేనని చెప్పుకోమంటావా?"

"అడగందే అమ్మైనా పెట్టదండీ."

మూల కూర్చుని దుప్పట్లు మడతపెడుతున్న అత్తగారు తలెత్తింది. "మధ్యలో నన్నెందుకు లాగుతావే? వాడికి ఏనాడైనా అడిగించుకుని పెట్టానా? అయినా చదవలేకపోవడమేంట్రా? ఆ వైర్లు చెవుల్లో పెట్టుకుని పాటలు వింటున్నావనుకున్నానే!"

అతని చేతిలో రేజర్ ఆగిపోయింది.

ఇస్త్రీ పెట్టె ఆగలేదు. "చదువుతారత్తయ్యా, చెవులతో చదువుతారు. కళ్లజోడు లేకుండా మీరు సూదిలో దారం ఎక్కిస్తారా?"

"ఎక్కదు."

"అలాగని మీకు కుట్టడం రాదంటే?"

"అననీ చూస్తాను! ఈ ఇంట్లో కర్టెన్లన్నీ ఎవరు కుట్టారట?" అని గయ్యిమన్న అత్తగారు, మరుక్షణం మెత్తబడింది. లేచి వెళ్లి, మేకుకి వేలాడుతున్న ఇయర్‌ఫోన్లు తీసి, చిక్కు విప్పి కొడుకు ముందు పెట్టింది. "పట్టుకెళ్లు. దాచుకోవడానికి దొంగసొమ్మా ఏంటి?"

అతను ముఖం కడుక్కుని, వేడి వేడి చొక్కా తొడుక్కున్నాడు. బయట తోటి పనివాడు బైకు హారన్ మోగిస్తున్నాడు. రోజూ డిపో కనబడగానే ఇయర్‌ఫోన్లు జేబులోకి పోయేవి. ఇవాళ ఏం చేస్తాడోనని భార్య చూస్తోంది. అతను వాటిని మెళ్లో వేసుకుని, అద్దంలో చూసుకుంటూ, రెండు కొసలూ చొక్కా మీద సమంగా సర్దుకున్నాడు.

వీధి తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.