నీడ ఉన్న అక్షరం

మలేసియాలోని బాగన్ దాతుక్ ఊళ్లో రామాలయానికి కొత్త బోర్డు పెడుతున్నారు. పాతది బోర్డులు రాసే కమలం భర్త రాసింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నీడలు వేసిన ఆ లావుపాటి అక్షరాలనే మనవరాలు మేనక ఫోటో తీసి కంప్యూటర్లో దిద్దుతోంది. కొత్త బోర్డుకు ‘స’ కావాలి. పాతదానిలో అది లేదు.

“దొరక్కపోతే గుడోళ్లు అన్నీ రెడీమేడ్ అక్షరాలే ఎట్టేత్తారు లా,” అంది మేనక.

కమలం ముందుకు జరిగి కూర్చుంది. ఊళ్లో ఆయన రాత మిగిలింది అక్కడొక్కచోటే. బడి మొహం చూడని తను చదువు నేర్చుకున్నది కూడా ఆయన బోర్డులు చూసే. పెన్సిలు తీసుకుని ‘స’ రాసింది. తలకట్టు బరువుగా, పొట్ట గుండ్రంగా, ఎడమపక్క నీడతో.

“నీడ ఏటికి మామ్మా? తరవాత నేనెట్టుకుంటాను కదా?”

“నీడ నేకండా అచ్చరం ఉంటాదేటే?”

మేనక గోడవైపు చూసింది. మామ్మ రాసుకున్న ఫోన్ నంబర్లలో ప్రతి అంకెకూ ఎడమపక్క నీడ ఉంది. ‘స’ను నీడతో సహా ఫోటో తీసుకుంది.