ఎర్ర స్వెటర్ వంతు

హిందా భోజనశాలలో నిలబడి ఉంది, కానీ బల్లల మధ్య నారింజ చెట్లు మొలిచి ఉన్నాయి, నేలంతా బురద, తనతో పాటు పోలండ్ నుంచి ఓడలో వచ్చి దిగిన యూదులు పాతికమందీ మొదటి ఏడాదంతా కాలువలు తవ్విన బురదే అది, ఆ బురదలో చెప్పుల్లేకుండా నడిచి వస్తోంది ఆరేళ్ల నిట్జా. కూతురు పోయి యాభై ఏళ్లయిందని హిందాకు తెలుసు. తెలిసినా, "ఇంత ఆలస్యమా తల్లీ!" అని కసురుతోంది.

"నాలుగింటికేగా రమ్మన్నావు," అంటోంది పిల్ల.

నిజమే. వాళ్లు కట్టుకున్న ఉమ్మడి పల్లెలో, ఆ కిబ్బుట్జ్‌లో, పొలం ఒకటే, వంట ఒకటే, బట్టల బీరువా ఒకటే. పిల్లలు కూడా అందరి పిల్లలే. వాళ్లు పడుకునేది పిల్లల ఇంట్లో. కన్నవాళ్ల దగ్గర ఉండేది సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకే. ఆ నియమానికి సభలో అందరికంటే ముందు చేయి ఎత్తిన మహాతల్లి హిందాయే.

"చలేస్తోందమ్మా."

"నీకోసం ఎర్ర స్వెటర్ అల్లాను కదే, ఏదీ?"

"నువ్వే బీరువాలో పెట్టేశావుగా. రివ్కా వేసుకుంది, తర్వాత డోవ్ వేసుకున్నాడు. నా వంతు ఒక్కసారే వచ్చింది. ఎంత వెచ్చగా ఉందో! నువ్వు అల్లావని ఎవరికీ చెప్పలేదులే."

సొంత బిడ్డకొక న్యాయం, పరాయి బిడ్డకొక న్యాయం అన్న మాట పడకూడదని అప్పట్లో హిందాకు ఎంత పంతం! ఒళ్లు వెచ్చబడ్డ పిల్ల ఒక సాయంత్రం "ఇవాళ నీ దగ్గరే ఉంటానమ్మా" అని గౌను పట్టుకుంటే, వేళ్లు ఒక్కొక్కటే విడదీసి పిల్లల ఇంట్లో దిగబెట్టి వచ్చింది. మూడో రోజుకి పిల్ల లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

భోజనశాల ఓడలా ఊగుతోంది, చెట్లు మంచాలవుతున్నాయి, ఎక్కడో ఆరింటి గంట మోగుతోంది.

"టైమయింది, దిగబెట్టమ్మా," అంటూ నిట్జా తనే చేయి అందిస్తోంది.

"వద్దు. ఇవాళ నా పక్కలో పడుకో."

"మరి రూలో? చేయెత్తింది నువ్వేగా?"

"ఎత్తాను. తప్పు చేశాను తల్లీ, తప్పు చేశాను," అంటూ హిందా ఉన్న ఒక్క దుప్పటీ పిల్ల మీద కప్పుతోంది, అంచులు దోపుతోంది.

నిట్జా కళ్లు మూసుకుని అడుగుతోంది: "మిగతా పిల్లలకో?"

హిందాకు మెలకువ వచ్చింది. మధ్యాహ్నపు కునుకే. గోడ గడియారంలో నాలుగయింది. ముసలి ఒళ్లు చలికి వణుకుతోంది, మీద దుప్పటి లేదు. అది మంచం మీద గోడవైపు, ఎవరూ లేని చోట, నిండుగా కప్పి ఉంది. అంచులు పరుపు కిందికి గట్టిగా దోపి ఉన్నాయి.