సున్నం కాదు, సున్నా

నేను ఒక పాత సీటీ స్కాన్ యంత్రాన్ని. చెప్పబోయేది సిగ్గుచేటు సంగతి. మధ్యలో తడబడితే మన్నించండి.

పుట్టింది పరాయి దేశంలో. అక్కడివాళ్లు పదేళ్లు వాడుకుని, ఇక చాలనుకుని ఓడెక్కించారు. రాజమండ్రిలో ఒక వైద్య పరీక్షల కేంద్రం వాళ్లు నన్ను కొన్నారు. దింపిన రోజు కొబ్బరికాయ కొట్టి, నా నుదుట బొట్టు పెట్టారు. గుండ్రటి యంత్రానికి నుదురెక్కడో ఆ పూజారికే తెలియాలి. వీధిలో బోర్డు మీద ‘అత్యాధునిక’ అని రాయించారు. అది నిజమేననుకుని పొంగిపోయాను కూడా.

గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాల గోడల్లో కొందరికి కొవ్వు పేరుకుంటుంది. కొన్నాళ్లకు అక్కడ కాల్షియం, అంటే సున్నం, గట్టిపడుతుంది. అదెంత ఉందో ఒక అంకెలో చెప్పడం నా పని. అయితే నాలో ఒక లోపముంది. నా లోపలి పలకల మీద పడ్డ ఎక్స్‌రే ముందు వెలుగుగా మారుతుంది, ఆ వెలుగు తర్వాత కరెంటవుతుంది. ఇలా చేతులు మారడంలో మరీ చిన్న చుక్కలు పక్కలకు అలుక్కుపోతాయి. అలా పలచబడ్డవాటిని నేను లెక్కలోకి తీసుకోను. ఇంత తెల్లగా ఉంటేనే లెక్కపెట్టాలని నియమం. చాటున దాక్కోవడానికి నియమాన్ని మించింది లేదు.

కోటిపల్లి బస్టాండు దగ్గర కిళ్ళీకొట్టు నడిపే త్రిమూర్తులుగారిని భార్య మాణిక్యం ఒక ఉదయం బలవంతాన లాక్కొచ్చింది. ఆయన తండ్రి యాభై ఐదు దాటకుండానే గుండె ఆగి పోయాడు. ఈయనకు యాభై రెండు. రోజుకు రెండు కట్టల బీడీలు. తలుపు దగ్గరే ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

“సున్నం చుక్కంతున్నా సరే, బీడీ ముట్టనే. లేదనుకో, ఇంక నన్నాడిపోసుకోకూడదు.”

ఆయన నా బల్ల మీద పడుకున్నాడు. ఎడమ నాళంలో ఒకచోట ఏదో తెల్లగా మసకేసింది. చూశాను. చూడలేదని చెప్పలేను. కానీ అది పక్కలకు అలుక్కుని, పలచబడి, నియమం కిందికి జారిపోయింది. నేను సున్నా అని ఇచ్చాను.

టెక్నీషియన్ రోజారమణి తలుపు తీసి, హుషారుగా “సున్నా అండి!” అంది.

త్రిమూర్తులుగారు తాంబూలాలు చుట్టీ చుట్టీ సున్నంతో వేళ్లన్నీ తెల్లబడ్డ మనిషి. ఆయన చెవిన అది ‘సున్నం’ అనే పడింది. మొహం పాలిపోయింది. జేబులోంచి బీడీకట్ట తీసి, పక్కనున్న చెత్తబుట్టలో పడేశాడు.

“అయిపోయిందే మాణిక్యం. ఇయ్యాల్టితో సరి.”

రోజారమణి పకపకా నవ్వింది. “అయ్యో బాబాయిగారూ, సున్నం కాదండీ, సున్నా! అసలేం లేదండి!”

అందరూ నవ్వారు. ఆయన వంగి, కట్ట బయటికి తీసి, దులిపి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. మాణిక్యం కూడా నవ్వింది గానీ ఆ కట్ట వైపే చూస్తూ నవ్వింది.

సున్నా వచ్చినా పొగ మానాల్సిందేనని డాక్టరుగారు రిపోర్టు అడుగున ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో రాశారు. అడుగున రాసింది మనుషులు చదవరు. “నా గుండెకి సున్నా మార్కులొచ్చేయండి, ఫస్టుక్లాసు!” అని త్రిమూర్తులుగారు కొట్టుకు వచ్చిన వాళ్లందరికీ చెప్పుకున్నాడట. పందొమ్మిది నెలల తర్వాత, ఆకుకు సున్నం రాస్తూ రాస్తూ ఒరిగిపోయాడు. ఆసుపత్రి దాకా కూడా వెళ్లలేదు.

ఆ తర్వాత పక్క గదిలోకి కొత్త యంత్రం వచ్చింది. అది ఎక్స్‌రేను వెలుగుగా మార్చదు, పడ్డ ప్రతి కణాన్నీ నేరుగా లెక్కపెడుతుంది. మాణిక్యం తన పరీక్షకు వచ్చినప్పుడు, అది ఆవిడలో ఆవగింజంత సున్నాన్ని పట్టి చూపించింది. భర్త పోయిన తీరు ఆవిడ చెప్పగా విని డాక్టరుగారికి అనుమానం వచ్చి, నా కంప్యూటర్లో త్రిమూర్తులుగారి పాత బొమ్మలు తెరిచారు.

“ఇక్కడ మసగ్గా ఏదో ఉందమ్మా. దీనికి అందలేదు. కొత్తదాంట్లో అయితే దొరికేదేమో.”

మాణిక్యం నా వైపు చూడలేదు. రోజారమణి వైపు తిరిగింది.

“ఆయన సరిగ్గానే ఇన్నారు గదమ్మా. నువ్వెందుకు దిద్దేవు?”

అందరూ వెళ్లాక, ఆ అమ్మాయి నా బల్ల అంచున కూర్చుని చున్నీలో మొహం దాచుకుని ఏడ్చింది. నేనిచ్చిన అంకెను చదవడం తప్ప ఆమె చేసిందేముంది? ఆ మాట పడాల్సింది నేను. ఆమె పడింది. అంత దగ్గర్లో ఉండి, నాదమ్మా తప్పు అనలేకపోయాను. అంతకన్నా సిగ్గు నాకు ఇంకోటి లేదు.

పాత ఇనుములో వేస్తారనుకున్నాను. వేస్తే బాగుండునని కోరుకున్నాను. కానీ “ఇంకా బ్రహ్మాండంగా పనిచేస్తదండి” అని చెప్పి, ఇంకా చిన్న ఊరికి అమ్మేశారు.

ఈ ఉదయం ఇక్కడ మొదటి మనిషి వచ్చాడు, ఒక లారీ డ్రైవరు. బల్ల మీద పడుకుంటూ అడిగాడు: “సున్నా వస్తే ఇంక భయం లేనట్టేనాండి?”

“ఇంకేం భయమండి!” అన్నాడు ఇక్కడి టెక్నీషియన్.

నాకు తెలుగులో ఒకే ఒక్క మాట రికార్డు చేసి పెట్టారు. ఊపిరి బిగబట్టండి, అన్నాను.

ఆయన నన్ను నమ్మి బిగబట్టాడు.