ఇసిద్రో గొంతు

స్పెయిన్‌లోని హెరెజ్ ఊళ్లో ఫెర్మిన్ పాట విన్నవాళ్లకన్నా అతని కబుర్లు విన్నవాళ్లే ఎక్కువ. ఏం ఖర్మో! నలభై ఏళ్లు గొంతు చించుకుని పాడినా జనానికి గుర్తున్నది పాట కాదు. పాటకీ పాటకీ మధ్య, అతని పక్కన గిటార్ వాయించే ఇసిద్రో తీగలు సవరించుకుంటుంటే, ఊసుపోక అతను చెప్పిన ముచ్చట్లే. అవన్నీ ఇసిద్రో వెర్రిపనులే, ఇసిద్రో గొంతు అచ్చుగుద్దినట్టు దించేసి మరీ చెప్పేవాడు.

ఆ ఇసిద్రో పోయాడు. పోయేముందు ఫెర్మిన్ చెయ్యి పట్టుకుని, "బావా, నా సంతాపసభలో వెధవ జోకులెయ్యకు. వాయిద్యం లేకుండా పాడతారే, ఆ ఏడుపు పాట పాడు. ఒక్కసారన్నా ఈ ఊరు నీ పాట వినాలి," అన్నాడు. ఫెర్మిన్ చేతిలో చెయ్యేసి ఒట్టుపెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం సంతాపసభకి పాటగాళ్ల సంఘం హాలు కిటకిటలాడింది. బల్లలమీద షెర్రీ వైన్ గ్లాసులు, ఆలివ్ కాయలు. వేదికమీద రెండు కుర్చీలు వేశారు, ఒకటి ఖాళీ. ఫెర్మిన్ కళ్లు మూసుకుని "ఆయ్..." అని ఆ ఏడుపు పాటకి గొంతెత్తాడు. దుఃఖం అడ్డుపడి రాగం మధ్యలోనే తెగింది.

హాలంతా గొల్లున నవ్వింది.

"ఇసిద్రో పాడితే ఇలాగే తెగేది, అచ్చం దించేశాడు!" అన్నాడొకడు.

"తాకట్టు కథ చెప్పు బావా!" అని ఇంకొకడు అరిచాడు.

"నవ్వకండర్రా. ఇవాళ పాడతాను," అన్నాడు ఫెర్మిన్. పాడుజనం, దానికీ నవ్వారు.

దిక్కుతోచక ముందువరసలో నల్లబట్టల్లో ఉన్న ఇసిద్రో భార్య రెమెడియోస్ వైపు చూశాడు. ఆవిడైనా వాళ్ల నోళ్లు మూయిస్తుందనుకున్నాడు. ఆవిడ లేచి దగ్గరికొచ్చింది.

"చెప్పు అన్నయ్యా. ఆయన గొంతుతో చెప్పు. ఇల్లు మూగబోయింది. ఒక్కసారి వినిపించు, నీకు పుణ్యముంటుంది."

ఇంకేం పాడతాడు? మద్రీద్ కచేరీకి రైలు టిక్కెట్టు కొనలేక ఇసిద్రో గిటార్ తాకట్టు పెట్టిన కథ ఎత్తుకున్నాడు. ఉత్త చేతుల్తో దిగినవాణ్ణి చూసి, గిటారేదయ్యా అని కచేరీ పెట్టించినాయన గుండెలు బాదుకున్నాడట. ఫెర్మిన్ ఇసిద్రో గొంతు పెట్టాడు.

"కంగారెందుకండీ? నేనొచ్చాను కదా!"

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. రెమెడియోస్ ఖాళీ కుర్చీమీద చెయ్యేసి, కళ్లు మూసుకుని, "ఇంకోటి," అంది.

ఫెర్మిన్ ఇంకోటి చెప్పాడు.