లాంచీ అద్దాలు

గణేశ్ షోలాపూర్‌లోని కుంఠా నాకాలో మరమగ్గాలు బాగుచేసే ఫిట్టర్. ఉజని డ్యాం నీళ్ళమీద జనానికి రాజహంసలను చూపించవచ్చని అతని స్నేహితుడు అమోల్ ఒక పాత ఇనుప లాంచీ కొన్నాడు. రిపేరంతా గణేశ్‌ది, తర్వాత ఇద్దరూ కలిసి నడపాలని మాట. ఇంజను కుదిరింది. అడుగున రేకు అతుకులు కూడా బాగానే పడ్డాయి. చిక్కంతా పక్కలనున్న గుండ్రటి కిటికీల దగ్గరే వచ్చింది. చట్రాలు తుప్పుపట్టి ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. అద్దాలు సగం లేవు.

అలాంటివి షోలాపూర్‌లో ఎవరూ అమ్మరు. గణేశ్ పాత ఇనుము దుకాణాలన్నీ తిరిగాడు. విరగ్గొట్టిన ఓడల సామాను అమ్మే ముంబై వాళ్ళకు ఫోన్లు చేశాడు. ఒకాయన పంపినవి లాంచీ కిటికీ రంధ్రాలకంటే పెద్దవి. విసుగొచ్చి తిప్పి పంపేశాడు.

ఈలోగా ఊరి బయట కుంభారి కాలనీలో ఉండే మేనత్త నర్సమ్మకు మాట ఇచ్చేశాడు, ఆమెతో కలిసి బీడీలు చుట్టే ఆడవాళ్ళను ఆదివారం మొదటి ట్రిప్పుకు తీసుకెళ్తానని. నర్సమ్మ ఆ సంగతి కాలనీ అంతా చెప్పుకుంది.

ఇక దారిలేక గణేశ్ హోట్గి రోడ్‌లో ఇళ్ళ కిటికీలకు అద్దాలు కోసే దుకాణానికి వెళ్ళాడు. మామూలు అద్దాన్నే గుండ్రంగా కోయించి, తను చేసిన ఇనుప రింగుల్లో రబ్బరు పెట్టి బిగించాడు. చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి. ఎక్కడ దొరికాయని అమోల్ అడిగితే, ముంబై నుంచి వచ్చిన ఓడ అద్దాలని చెప్పాడు.

ఆదివారం నర్సమ్మ కిటికీ పక్కనే కూర్చుంది. "మా గణేశే ముంబైకెల్లి తెప్పిచ్చిండు ఇవన్ని," అని కనబడ్డ వాళ్ళకల్లా చెప్పింది. ఆమె స్నేహితురాలు సుందరాబాయి మనవరాలిని పక్క కిటికీకి ఆనించి నిలబెట్టి పక్షులను చూపించింది.

తిరిగొచ్చేటప్పుడు లాంచీ ఒడ్డురాతికి గట్టిగా తగిలింది. నర్సమ్మ పడబోయి, ఆపుకోవడానికి కిటికీమీద చెయ్యి వేసింది. అద్దం పగిలింది. ఇంజను చప్పుడులో ఎవరికీ వినపడలేదు, తలుపు దగ్గర నిలబడ్డ గణేశ్ మాత్రం చూశాడు. నర్సమ్మ రెండో చేత్తో కిటికీ తెర లాగేసి, నెత్తురు కారుతున్న చేతిని కొంగులో చుట్టుకుంది.

"ఏమైందే నర్సా?" అంది సుందరాబాయి.

"ఏం లేదు. గాజులు పగిలి కుచ్చుకున్నయ్."

అంటూ గణేశ్ వైపు ఒక్కసారి చూసింది. అతను దగ్గరికొచ్చాడు. రుమాలు తీసి కట్టుకట్టాడు. ఆస్పత్రిలో బొటనవేలికి, చూపుడువేలికి కుట్లు వేస్తూ డాక్టరు అడిగినప్పుడు కూడా ఆమె గాజులనే చెప్పింది. గణేశ్ పక్కనే నిలబడి విన్నాడు.

కొన్నాళ్ళకు అత్తను చూద్దామని కుంభారి వెళ్ళాడు. ఆడవాళ్ళు వసారాలో ఒళ్ళో చేటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. నర్సమ్మ కట్టుతో ఊరికే కూర్చుంది. ఒక్కొక్కరూ తాము చుట్టినవాటిలోంచి కొన్ని తీసి ఆమె చేటలో వేస్తున్నారు.

"పాడు గాజులు, నర్స చెయ్యినే తిన్నయ్," అంది సుందరాబాయి.

గణేశ్ చెవులు మండిపోయాయి.

"గాజులు గావు," అన్నాడు. "కిటికి అద్దం. ముంబైది గాదు, ఇండ్లకు పెట్టే మామూలుదే. నేనే పెట్టిన. అందరికి అబద్ధం జెప్పిన."

సుందరాబాయి చేతులు ఆగిపోయాయి. "నా మనుమరాలు దానికే మొఖం ఆనిచ్చి సూసింది గదరా!"

నర్సమ్మ ముఖం కందిపోయింది. "నేను కప్పిపెట్టిన గదరా. ఇప్పుడు వీండ్ల ముంగట నేనెట్ల తలెత్తాలె?"

తన సిగ్గులోకి ఆమెను కూడా లాగానని అప్పుడు తెలిసింది. "తప్పయింది అత్తా," అని చెప్పులేసుకుని వచ్చేశాడు.

అద్దం ఒడ్డురాతికి తగిలి పగిలిందనుకుంటున్న అమోల్‌కు ఆ సాయంత్రమే నిజం చెప్పాడు. అమోల్ తిట్టలేదు. లాంచీ తాళంచెవి తీసి తన జేబులో వేసుకున్నాడు.

గణేశ్ అట్టముక్కలమీద రంధ్రాల కొలతలు గీసుకుని తనే ముంబై వెళ్ళాడు. దుకాణం తర్వాత దుకాణం ఎక్కి దిగితే, చివరికి ఒకచోట దళసరి అద్దాల ఇత్తడి కిటికీలు దొరికాయి. అవీ రంధ్రాలకంటే పెద్దవే. ఈసారి వదిలిపెట్టలేదు. తెచ్చి, లాంచీ రేకును వాటికి తగ్గట్టు కోసి, చుట్టూ పట్టీ వెల్డింగు చేసి బోల్టులు బిగించాడు. అమోల్ పైపుతో నీళ్ళు కొట్టి చూశాడు. సుత్తి తీసుకుని ఒక్కొక్క అద్దాన్నీ తట్టాడు. అప్పటిగ్గాని తాళంచెవి ఇవ్వలేదు.

గణేశ్ మళ్ళీ కుంభారి వెళ్ళి అందరినీ ఇంకో ట్రిప్పుకు పిలిచాడు. సుందరాబాయి తలెత్తకుండా ఆకు కత్తిరిస్తూనే ఉంది. మిగతావాళ్ళు పని ఉందన్నారు.

నర్సమ్మ ఒక్కతే వచ్చింది. లాంచీ నీళ్ళ మధ్యకు వెళ్ళినంతసేపూ చేతులు ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. కిటికీ బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. బొటనవేలు ఇంకా సరిగా వంగడం లేదు. గణేశ్ ఆమెకు మంచినీళ్ళు ఇచ్చాడు కానీ, ముఖంలోకి చూడలేకపోయాడు.