మైలమ తోమిన చీనపుటద్దము

వైశాఖశుక్లపక్షమున సముద్రసమీరణ సంచలిత తాళవనరాజి విరాజితమగు మోటుపల్లి రేవున నౌకాధ్వజపటములు ప్రభాతారుణకిరణములచే కెంజాయలీను వేళ ఓడబేహారి యింటి పెరట నూతిగట్టున కూర్చుండి క్రొత్తకోడలు మైలమ చింతపండును ఇటుకపొడియు ముందిడుకొని పెండ్లి కంచుసామగ్రినంతయు తోముచుండెను. పలనాటి పల్లెపిల్ల, చెప్పిన పని చేయును, చెప్పనిదియు చేసివేయును. అదియే దాని గుణము, అదియే దాని దోషము.

ఆ సామగ్రిలో గుండ్రని కంచుటద్దమొకటి కలదు. ఆ యింటి పూర్వుడొకడు మహాచీనమునుండి తెచ్చినది. దాని వెనుకవైపున ద్రాక్షతీగల నడుమ ఒకే పట్టుపేలికను కరచుకొని యెగురు పక్షులు రెండు. ఆ యింటి ప్రతి కన్నియయు పీటలెక్కకమునుపు వానిని వ్రేలితో తాకి మ్రొక్కుట యాచారము. నాలుగు తరముల వ్రేళ్లకు అరిగి అరిగి యవి గోరంత యెత్తున మాత్రమే నిలిచియుండెను. చీకటిపెట్టెలో పట్టిన పచ్చని చిలుము వానిని కప్పియుండగా మైలమ చూడనేలేదు. రెండువైపులను తళతళలాడ తోమి పెట్టెను.

ఆ పూటయే ఆడుబిడ్డ బాచమ పెండ్లి. అత్త ముప్పమ అద్దమును త్రిప్పి చూచి నిలువున నీరైపోయెను.

“ఓసి మైలమా, పక్షులేవే?”

“ఏ పక్షులత్తా? చిలుముండగా రాచితిని.”

“చిలుమా! మా యత్తకు, ఆమె యత్తకు అగపడని చిలుము నీ కంటనే పడెనా? మీ పుట్టింట దేవునికైనను ముక్కు మిగిల్చితివటే?”

బాచమ నవ్వబోయి తల్లి మొగము చూచి మానెను.

“నా బిడ్డ వట్టి కంచును తాకి పీటలెక్కవలసెను. పెండ్లిబండ్లు కదలునాడు నీవును పుట్టింటి బండి యెక్కుము” అని ముప్పమ తేల్చి చెప్పెను.

మైలమ చింతపండు చేతులు కడుగుకొనెను. పెండ్లికూతునకు బొట్టు దిద్దువేళ అద్దము పట్టుట వదినె వంతు గనుక వసారాలో నిలిచి కడసారిగా పట్టెను. బాచమ మొగమునకు సరిచేయబోగా అద్దము ఎండకు తిరిగెను. సున్నపుగోడపైకి వెలుగుబిళ్ల యొకటి యెగిరిపడెను. ఆ వెలుగునందు ద్రాక్షతీగలు. తీగల నడుమ పక్షులు రెండు, పేలికతో సహా.

వెనుక పోసిన రూపము ముందువైపునకు కంటికానని మిట్టపల్లములుగా దిగియుండుననియు, ఆ మొగమునకు మెరుగుపెట్టి యెండ చూపిననే యది గోడపై తేలుననియు చీనపు పోతపనివారెరుగుదురు గాని, పెట్టెలో మూసి దాచిన ఈ యింటివారెట్లెరుగుదురు?

ముప్పమ గోడకడకు పోయి చేయి చాచెను. పక్షులామె పసుపువ్రేళ్లపై వ్రాలెను. మైలమ మెడ సాచి చూడగా అద్దము కదలి అవియు కదలెను.

“కదల్పకే కోడలా! బాచమ తాకవలెను.”

“బండి మాట యేమత్తా?”

“ఏ బండి? నీవు పోయిన దీనిని తోముదురెవరే?”

బాచమ లేచి వ్రేలు సాచెను. గోడపై అరుగుటకేమియు లేదు గనుక, ముందటి నాలుగు తరముల వారెవరును తాకనంత తనివితీర ఆ పక్షులను తాకెను.