కుర్చీలు దాచిన స్టేషన్

జీపు దిగగానే సున్నం వాసన కొట్టింది. తనిఖీకి వెళ్ళిన ప్రతి స్టేషనూ నాకు ఈ వాసనతోనే ఎదురొస్తుంది. పైనుంచి మనిషి వస్తున్నాడంటే చాలు, గోడలకు స్నానాలు మొదలవుతాయి. ఈ గోడకైతే ఒకప్పుడు నేనే సున్నం కొట్టాను. కానిస్టేబులుగా నా కొలువు మొదలైంది ఇక్కడే.

ఇప్పుడు పోలీసు సేవల తనిఖీ విభాగంలో పెద్ద అధికారిని. ఏ స్టేషను ఉండాలో, దేన్ని పక్కదాంట్లో కలపాలో నా మాట మీద నడుస్తుంది. ఇక్కడ కేసులు మరీ తక్కువ. మూసేసి పట్నం స్టేషన్లో కలిపేద్దామని పైవాళ్ళ ఆలోచన. కేసులు తక్కువంటే ఊరన్నా బాగుండాలి, జనమన్నా గుమ్మం తొక్కడానికి జంకుతుండాలి. ఏదో తేల్చుకు రమ్మన్నారు.

స్టేషన్ ఆఫీసరు సెల్యూట్ చేసింది. మా పెద్దమ్మాయి వయసుంటుంది.

"రండి సార్. మీరు వదిలి వెళ్ళినట్టే ఉంచాం."

ఆవిడ వెనక, స్టేషను రాతకోతలు చూసే రైటరు నవ్వు బిగపట్టుకుని నిలబడ్డాడు. ఎందుకో గడప దాటాక అర్థమైంది. గుమ్మం పక్కన పొడుగాటి చెక్క బల్ల, నల్లగా నిగనిగలాడుతూ. మూల నీళ్ళ కుండ, దానిమీద బోర్లించిన గ్లాసు. దగ్గరికెళ్ళి బల్లకేసి వంగి చూశాను.

"ఇదింకా ఉందా?"

"గోదాంలో పడుంటే తీయించాం సార్. నూనె నేనే పట్టించా" అన్నాడు రైటరు, చేతులు చూపిస్తూ.

కూర్చున్నాను. చెయ్యి దానంతటదే బల్ల అంచు తడిమింది. సొట్ట అక్కడే ఉంది. అప్పటి మా హెడ్ కానిస్టేబులు, హెడ్డుగారు, మాటకోసారి తాళాలగుత్తితో కొట్టి కొట్టి చేసిన సొట్ట అది. "ఒరే పల్లెటూరోడా, వచ్చినవాడి మొహం తర్వాత చూడు, ముందు చెప్పులు చూడు. మనిషి బొంకుతాడు, చెప్పులు బొంకవు" అనేవాడు. ఇద్దరికీ కలిపి ఒకే గ్లాసు టీ తెప్పించి, పైసగం తను తాగి అడుగుసగం నాకిచ్చేవాడు. "చక్కెరంతా అడుగునే ఉంటుందిరా, నీ అదృష్టం" అనేవాడు. ఆ మాట చాలాకాలం నమ్మాను. వానాకాలం పెంకుల సందుల్లోంచి నీళ్ళు కారితే ఇద్దరం బల్లెత్తుకుని పొడిచోటు కోసం గదంతా తిరిగేవాళ్ళం. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. సొట్టలో నా బొటనవేలు ఇప్పటికీ సరిగ్గా పట్టింది.

బల్ల మాత్రం మాది. యూనిఫారం లేని మనిషి దానిమీద కూర్చోవడం నేను చూడలేదు. ఒకసారి మా నాన్న నన్ను చూడ్డానికొచ్చి, చెప్పులు బయట విడిచి, గుమ్మానికి అవతలే నిలబడ్డాడు.

"లోపలికొచ్చి కూర్చో నాన్నా."

"వద్దులేరా. మీ పైవాళ్ళు చూస్తే నీకు మాటొస్తుంది."

డ్యూటీ దిగేదాకా ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడే ఉన్నాడు.

అది గుర్తొచ్చి గదంతా కలయజూశాను. నేను కూర్చున్న బల్ల, ఆఫీసరు కుర్చీ, రైటరు కుర్చీ. అంతే.

"ఇక్కడికొచ్చిన జనం ఎక్కడ కూర్చుంటారు?"

ఆఫీసరు రైటరు వైపు చూసింది. రైటరు పైకప్పు వైపు చూశాడు.

ఈలోగా ఇస్త్రీ చేసే ముసలమ్మ ఒకావిడ చెప్పుల కాళ్ళతోనే టకటకా లోపలికొచ్చేసింది.

"ఏమ్మా ఆఫీసరూ, నా కుర్చీ ఏదీ?"

"పెద్దమ్మా, సాయంత్రం రాకూడదూ? పెద్ద సారొచ్చారు."

"వస్తే? ఆయనొచ్చాడని నా కుర్చీ దాచేస్తారా? ఆయనేమన్నా పట్టుకుపోతాడా?" నావైపు తిరిగింది. "కాస్త జరుగు నాయనా."

జరిగాను. నా పక్కన చతికిలబడి మోకాళ్ళు నొక్కుకుంది. "రాయిలా ఉంది. మా ప్లాస్టిక్ కుర్చీయే నయం."

"ఏమైందమ్మా?" అన్నాను.

"మా తమ్ముడు వాళ్ళింటి మురికినీళ్ళు మా గోడకేసి వదిలేవాడు."

"నిన్న పిలిచి చెప్పాం కదా పెద్దమ్మా" అంది ఆఫీసరు. "మళ్ళీ వదిలాడా?"

"లేదే తల్లీ! పొద్దున్నే గొట్టం తిప్పేశాడు. ఆ మాట చెబుదామనే వచ్చా. నువ్వు గట్టిగా అరిచావుట, రాత్రి అన్నం సరిగా తినలేదుట వెధవ. ఈసారి కాస్త మెల్లగా కేకలెయ్యి."

మా కాలంలో స్టేషనుకి ఏడుస్తూ వచ్చినవాళ్ళున్నారు, ఈడ్చుకొస్తే వచ్చినవాళ్ళున్నారు. గొడవ తీరిందని చెప్పిపోవడానికి వచ్చినవాళ్ళు లేరు.

"ఆ కుర్చీలు చూపించండి" అన్నాను.

పెరట్లో టార్పాలిన్ కింద ఉన్నాయి. కూర్చునేచోట రంగు పోయి తెల్లబడ్డాయి. ఒకదాని కాలు విరిగితే ఇనుపతీగతో కుట్టారు. ఒకటి పిల్లల కుర్చీ. దాని వీపు నిండా రంగుపెన్సిల్ గీతలు, ఎవరో ఓపిగ్గా కూర్చున్న గుర్తు. హెడ్డుగారుంటే చెప్పుల సంగతొదిలేసి వీటినే చూడమనేవాడు.

ఆఫీసరు తల దించుకుంది. "మీకు పాతవైతే నచ్చుతాయనుకున్నాం సార్. స్టేషను పోతే వీళ్ళంతా బస్సు మారి పట్నం వెళ్ళాలి. ఆ పెద్దమ్మ వెళ్ళదు. గోడ తడుస్తున్నా ఊరుకుంటుంది."

"నచ్చింది. చాలా నచ్చింది. కానీ ఇవి లోపల పెట్టించండి. స్టేషను ఎక్కడికీ పోదు, నేనదే రాస్తాను."

ఆవిడ మొహం చూడలేక కుర్చీ ఒకటి నేనే ఎత్తుకున్నాను.

"మరి బల్ల సార్? గోదాంకేనా?" రైటరు నూనె చేతులు దిగులుగా చూసుకున్నాడు.

"ఉండనీ. కుర్చీలు చాలనప్పుడు దానిమీద కూర్చోబెట్టండి."

తిరిగొచ్చేసరికి ముసలమ్మ బల్ల మీద కాళ్ళు చాపుకుని ఉంది. గుమ్మం అవతల, నాన్న నిలబడ్డచోట, ఎండ పడుతోంది. రైటరు నాకొక్కడికే టీ తెచ్చాడు. పైసగం తాగి గ్లాసు ఆవిడకిచ్చాను.

"తాగమ్మా. చక్కెరంతా అడుగునే ఉంటుంది."

"ఎవరు చెప్పారు నాయనా నీకు?" గ్లాసందుకుంది. "కలిపితే అంతటా ఉంటుంది."